ఇంట్లో టెలిస్కోప్ చేసుకోవాలంటే ఏ లెన్స్, ఎంత గొట్టం, ఎవరికి ఏది

కావలి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదో తరగతిలో కటకాల పాఠం అయిన వారంలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు బెల్లు కొట్టాక కూడా ఆగిపోతారు. "సార్, టెలిస్కోప్ మనమే చేసుకోవచ్చా?" అని అడుగుతారు. ఆ రాత్రికి వాళ్ళ నాన్న ఫోన్ చేస్తాడు. ఆయన ప్రశ్న కూడా ప్రతిసారీ ఒకటే: "ఎంత పెద్ద లెన్స్ తెప్పించమంటారు సార్?"

లెన్స్ సంగతి తర్వాత చూద్దాం, మీ మిద్దె మీద ఎంత పొడవు గొట్టాన్ని కదలకుండా నిలబెట్టగలరో ముందు చెప్పండి అంటాను నేను. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువు బొమ్మ లెన్స్ వెనక ఎంత దూరంలో పదునుగా పడుతుందో ఆ దూరం) ఎంతుంటే గొట్టం దాదాపు అంత పొడవుండాలి. గొట్టం పొడవు పెరిగేకొద్దీ స్టాండు గట్టిది కావాలి. స్టాండు ఊగిందా, ఎంత మంచి లెన్స్ పెట్టినా శనిగ్రహం ఒక వెలుగు గీతలా అటూ ఇటూ కొట్టుకుంటుందే తప్ప వలయం కనపడదు. చేతి డబ్బు ఖర్చుపెట్టి చివరికి అటకెక్కించిన టెలిస్కోపులు నాకు తెలిసి నాలుగున్నాయి. నాలుగింటిలోనూ లెన్స్ బాగానే ఉంది, స్టాండు బాగాలేదు.

అందుకని ఈ పోలికంతా పొడవు దగ్గర మొదలుపెడుతున్నాను.

ముందు తేల్చుకోవలసినవి

రెండు లెక్కలు గుర్తుంటే చాలు. గొట్టం ముందు వైపు లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ (కన్ను పెట్టే చివర ఉండే చిన్న లెన్స్) ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుంది. 1000 ఎం.ఎం. లెన్స్‌కి 25 ఎం.ఎం. ఐపీస్ పెడితే 40 రెట్లు. ఆ రెండూ కూడితే గొట్టం పొడవు, అంటే మీటరు మీద ఇంకో రెండున్నర సెంటీమీటర్లు.

ఏం చూడాలని ఉంది? చందమామ గుంతలు, గురుడి నాలుగు చందమామలు, శుక్రుడి నెలవంక చూడాలంటే చిన్న లెన్స్ చాలు. నెల్లూరు నడిబొడ్డున ట్రంకురోడ్డు లైట్ల మధ్య నుంచి కూడా ఇవి బాగా కనపడతాయి, ఎందుకంటే అవే బాగా వెలిగేవి. మసక మసకగా ఉండే నక్షత్ర గుంపులు, నెబ్యులాలు (ఆకాశంలో మబ్బుల్లా కనిపించే వాయువుల గుంపులు) కావాలంటే లెన్స్ వెడల్పుతో పాటు చీకటి కూడా కావాలి. కృష్ణపట్నం పోర్టు వెలుగు, తీరం పొడుగునా రొయ్యల చెరువుల లైట్లు దాటి పడమటికి, ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు వెళ్తే ఆ చీకటి దొరుకుతుంది.

ఎంతమంది చూస్తారన్నది చాలామంది అడగరు, కానీ ఇది పెద్ద విషయం. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం టెలిస్కోప్‌లోంచి జారిపోతూ ఉంటుంది. 80 రెట్ల మామూలు ఐపీస్‌లో కనిపించే ఆకాశం అర డిగ్రీ. గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండు నిమిషాల్లో దాటిపోతుంది. ఒక్కరే చూసుకుంటే ఇబ్బంది లేదు. నలభైమంది పిల్లలు వరసలో ఉంటే మాత్రం ప్రతి ఒకరిద్దరికీ మళ్ళీ గురి పెట్టాలి. బడికి తక్కువ రెట్లే మేలు.

రంగుల అంచు ఎంత భరించగలరు? ఒంటి లెన్స్ నీలాన్ని ఒకచోట, ఎరుపుని ఇంకోచోట కలుపుతుంది. మీటరు ఫోకల్ లెంగ్త్ ఉన్న మంచి కళ్ళజోడు లెన్స్‌లో ఈ తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు దాటుతుంది. దానివల్ల వెలుగున్న దేని చుట్టూ అయినా ఊదారంగు పొగలాంటిది కనపడుతుంది.

చివరగా, ఎక్కడ దాస్తారు? సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలి, చెమ్మ. కార్తీకంలో ముసురు పట్టిందంటే అట్టగొట్టం ఉబ్బిపోతుంది. పడమటి ఊళ్ళలో చెమ్మ బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ.

డబ్బు గురించి వేరే చెప్పడం లేదు, పట్టికలో ఉంది. అవి నేను, నా పిల్లలు కొన్నప్పటి లెక్కలు. మీ ఊళ్ళో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పట్టికలో 50, 70, 80 ఎం.ఎం. అంటే లెన్స్ వెడల్పు, ఫోకస్ అంటే ఎం.ఎం.లలో ఫోకల్ లెంగ్త్, జంట లెన్స్ అంటే రెండు రకాల గాజులు కలిపి చేసింది.

| ఎంపిక | గొట్టం | 25 ఎం.ఎం. ఐపీస్‌తో | రంగుల అంచు | స్టాండు | సుమారు ఖర్చు (స్టాండు కాక) |
|---|---|---|---|---|---|
| కళ్ళజోడు లెన్స్ +1.00 | 1 మీటరు | 40 రెట్లు | ఉంటుంది, భరించవచ్చు | చెక్క స్టాండు చాలు | వెయ్యి లోపు |
| కళ్ళజోడు లెన్స్ +0.50 | 2 మీటర్లు | 80 రెట్లు | తక్కువ | చాలా గట్టిది కావాలి | వెయ్యికి అటూ ఇటూ |
| 50 ఎం.ఎం. జంట లెన్స్, 600 ఫోకస్ | 60 సెం.మీ. పైన | 24 రెట్లు | చాలా తక్కువ | మంచి కెమెరా ట్రైపాడ్ చాలు | రెండు మూడు వేలు |
| 80 ఎం.ఎం. జంట లెన్స్, 900 ఫోకస్ | 90 సెం.మీ. పైన | 36 రెట్లు | కొంచెం | బరువైన స్టాండు | అంతకు రెండు మూడింతలు |
| రెడీమేడ్ 70 ఎం.ఎం., 700 ఫోకస్ | 70 సెం.మీ. పైన | 28 రెట్లు | తక్కువ | దానితో వస్తుంది, తరచూ నాసిరకం | పదివేలకి అటూ ఇటూ |

కళ్ళజోడు లెన్స్, మీటరు గొట్టం

కళ్ళ డాక్టరు రాసే పవర్‌కీ ఫోకల్ లెంగ్త్‌కీ లెక్క చాలా తేలిక. 1ని పవర్‌తో భాగిస్తే మీటర్లలో ఫోకల్ లెంగ్త్ వస్తుంది. +1.00 అంటే ఒక మీటరు. +2.00 అంటే అర మీటరు. +0.50 అంటే రెండు మీటర్లు.

కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి ఇలా అడగాలి: ప్లస్ వన్, సింగిల్ విజన్, సిలిండర్ వద్దు, ఫ్రేముకి కట్ చెయ్యొద్దు, గుండ్రంగా ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. షాపాయన మొదట నమ్మడు. "ఎవరికి సార్ పవర్?" అంటాడు. చందమామని చూడ్డానికి అని చెప్పండి. నేను వెళ్ళే షాపాయన ఆ మాట విన్నాక జత అంటగట్టకుండా ఒంటి లెన్స్ వెతికి ఇచ్చాడు, పైగా పవర్ చూసే మెషీన్‌లో పెట్టి కచ్చితంగా ప్లస్ వన్ అవునో కాదో నాకు చూపించాడు. కోయని లెన్సులు 65, 70 ఎం.ఎం. వెడల్పుల్లో వస్తాయి.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఒకసారి ఇంకో షాపులో ఏ రకమో అడక్కుండా తెచ్చుకున్నాను. పల్చగా, తేలిగ్గా, పగలదు అని ఇచ్చారు. అది పాలీకార్బొనేట్. చందమామ అంచుకి ఒకవైపు పసుపు, ఇంకోవైపు ఊదా పట్టీలు కట్టినట్టు కనిపించింది. పాలీకార్బొనేట్ రంగుల్ని మామూలు ఫైబర్ లెన్స్ కంటే దాదాపు రెట్టింపు చీలుస్తుంది. నీలానికీ ఎరుపుకీ దూరం మూడు సెంటీమీటర్లు దాటుతుంది. కళ్ళజోడుకి అది మంచిదే కావచ్చు, మనకి పనికిరాదు. "సీఆర్-39" (ఆ మామూలు ఫైబర్ లెన్స్ పేరే) అని అడగండి, లేదా పాతకాలపు గాజు లెన్స్ అడగండి. ఖరీదైన పల్చటి లెన్సులు, బ్లూకట్ పూతలు ఏవీ వద్దు.

లెన్స్ తెచ్చాక ఫోకల్ లెంగ్త్ మీరే కొలవండి. శుక్లపక్షంలో ఒక రాత్రి మిద్దె మీదకి వెళ్ళి లెన్స్‌ని చందమామ వైపు పట్టి, వెనక బటర్ పేపర్ ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట చందమామ బొమ్మ సూదిమొనంత పదునుగా వచ్చి నిలబడుతుంది. మీటరు లెన్స్‌కి ఆ బొమ్మ 9 ఎం.ఎం. ఉంటుంది, అంటే ఒక శనగగింజంత. అంత చిన్న గింజలో మరకలు కూడా కనపడతాయి. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ కాగితాన్ని వేళ్ళతో ముట్టుకుని, వెచ్చగా ఉందేమో అని చూసింది. ఐపీస్ చేసేది ఆ గింజని దగ్గర పెట్టి పెద్దదిగా చూపించడమే. ఇది ఒకసారి చేత్తో పట్టుకుని చూసినవాళ్ళకి టెలిస్కోప్ గురించి మళ్ళీ బొమ్మ గీసి చెప్పక్కర్లేదు.

లెన్స్ వెడల్పు 70 ఎం.ఎం. ఉంది కదా అని అంతా వాడకూడదు. నల్ల అట్ట బిళ్ళ కోసి, మధ్యలో 25 ఎం.ఎం. కంత పెట్టి లెన్స్ ముందు బిగించాలి. వెలుగు తగ్గుతుంది, బొమ్మ మాత్రం ఒక్కసారిగా తేటపడుతుంది. ఎవరికి చెప్పినా దీనికి మనసొప్పదు, "ఇంత లెన్స్ కొని మూసేయడమేంది సార్" అంటారు. గెలీలియో కూడా తన లెన్సుల చుట్టూ మూసి మధ్య భాగాన్నే వాడాడు. 1610 జనవరి 7న గురుడి పక్కన చుక్కలు కనిపించింది సుమారు 20 రెట్ల గొట్టంలోనే.

ఇందులో ఏం కనపడుతుంది? చందమామ మీద గుంతలు, కొండల నీడలు చక్కగా. గురుడి నాలుగు చందమామలు, రోజూ స్థానం మార్చుకుంటూ. శుక్రుడు నెలవంకలా. శని వలయం కోడిగుడ్డు ఆకారంగా తెలుస్తుంది, గ్రహానికీ వలయానికీ మధ్య సందు మాత్రం కష్టం. 2025 మార్చిలో శని వలయాలు మనకి సరిగ్గా అంచు తిప్పాయి. అప్పుడు పెద్ద టెలిస్కోపుల్లో కూడా సన్నటి గీతే. ఇప్పుడు ఏటేటా మళ్ళీ తెరుచుకుంటున్నాయి కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి అదొక లాభం.

లెన్స్ ఉబ్బెత్తు వైపు ఆకాశానికి ఉండాలి. తిరగేసి పెడితే బొమ్మ చెదురుతుంది.

భూతద్దం వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. పుస్తకాల షాపులో దొరికే పెద్ద భూతద్దం ఫోకల్ లెంగ్త్ జానెడు. అంత వెడల్పుకి అంత పొట్టి ఫోకస్ అంటే రంగుల ముద్దే. పిల్లలు మొదట చేసి నిరాశపడేది దీనితోనే.

రెండు మీటర్ల గొట్టం

కాగితం మీద ఇదే గెలుస్తుంది. ఒంటి లెన్స్‌కి ఫోకస్ పొడవు పెంచేకొద్దీ రంగుల బాధ తగ్గుతుంది. జంట లెన్స్ రాకముందు పదిహేడో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి అదే. డాన్జిగ్ ఊళ్ళో హెవేలియస్ కట్టిన టెలిస్కోప్ పొడవు దాదాపు 46 మీటర్లు. దాన్ని స్తంభానికి తాళ్ళతో వేలాడదీశారు.

మేం చేసింది రెండు మీటర్లే. +0.50 లెన్స్, 35 ఎం.ఎం. కంత, 75 ఎం.ఎం. పీవీసీ పైపు. ఎండాకాలం ముందు బడి మైదానంలో నిలబెట్టాం. ఏడున్నరకి సముద్రపు గాలి మొదలైంది. గొట్టం చివర ఎంత ఊగిందో చేత్తో పట్టుకుంటే తెలిసేది, చాలా కొంచెమే. కానీ 80 రెట్లలో చూస్తే గురుడు చూపు నిలవనంత వేగంగా గంతులేశాడు. గాలి ఆగిన రెండు నిమిషాలు మాత్రం కనిపించిన గురుడు, మీటరు గొట్టంలో నేనెప్పుడూ చూడనంత తేటగా ఉన్నాడు. ఆ రెండు నిమిషాలు ఐపీస్ దగ్గర ఉన్నది నేనొక్కడినే, మిగతా ముప్పైమందీ వరసలోనే ఉండిపోయారు.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం మీద, ఒంగోలు 15 డిగ్రీల మీద ఉన్నాయి. గ్రహాలు మనకి చాలాసార్లు దాదాపు నడినెత్తికి వస్తాయి. రెండు మీటర్ల గొట్టాన్ని నడినెత్తికి ఎత్తితే ఐపీస్ నేలకి తగులుతుంది, మనం పడుకుని చూడాలి. లేదా స్టాండు మనిషికంటే ఎత్తుండాలి, అప్పుడు ఊగడం ఇంకా పెరుగుతుంది.

గాలి తగలని పెరడు, పాతేసిన గట్టి గుంజ, ఓపిక ఉన్న ఒక్క మనిషి: ఈ మూడూ ఉంటే రెండు మీటర్లు కట్టండి. బడికి, అపార్ట్‌మెంట్ మిద్దెకి వద్దు.

50 ఎం.ఎం. జంట లెన్స్

రెండు రకాల గాజులు, క్రౌన్, ఫ్లింట్, కలిపి చేసిన లెన్స్ ఇది. అంగళ్ళలో, ఆన్‌లైన్‌లో "ఆక్రోమాట్" అని అడగాలి. ఒక గాజు చీల్చిన రంగుల్ని రెండోది చాలావరకు మళ్ళీ దగ్గరికి చేరుస్తుంది. ఇంగ్లండ్‌లో చెస్టర్ మూర్ హాల్ దీన్ని ముందు చేయించాడు, 1758లో జాన్ డాలండ్ పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత అంతంత పొడవు గొట్టాలు అక్కర్లేకపోయాయి.

మూడు వేలు పెట్టగలిగిన ఇంటికి నేను చెప్పేది ఇదే. గొట్టం రెండడుగుల మీద కొంచెం. పదేళ్ళ పిల్ల కూడా ఎత్తుకుని మిద్దె ఎక్కుతుంది. 25 ఎం.ఎం. ఐపీస్‌తో 24 రెట్లలో పిల్లలకోడి (కృత్తిక) నక్షత్రాల గుంపు మొత్తం ఒకేసారి కనపడుతుంది, కంటికి ఆరేడు చుక్కలున్న చోట పదుల కొద్దీ చుక్కలు. 10 ఎం.ఎం. ఐపీస్ మారిస్తే 60 రెట్లు. గురుడి మీద రెండు చారలు, వలయాలు తెరుచుకున్నప్పుడు శనికీ వలయానికీ మధ్య నల్లటి సందు కనపడతాయి. లెన్స్ వెడల్పు మొత్తం వాడుకోవచ్చు, అట్ట బిళ్ళ అక్కర్లేదు. ఒంటి లెన్స్ 25 ఎం.ఎం. కంతతో పోలిస్తే నాలుగింతల వెలుగు.

చిక్కు ఎక్కడంటే ఇది నిటారుగా కూర్చోవాలి. కళ్ళజోడు లెన్స్ కొంచెం వంగినా పెద్ద తేడా తెలీదు. ఇది వంగితే ప్రతి నక్షత్రానికీ ఒకవైపు తోక వస్తుంది. కాబట్టి పైపు కోత సరిగ్గా అడ్డంగా ఉండాలి. పైపు చుట్టూ ఒక పొడవాటి కాగితం చుట్టి, రెండు చివర్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కలిసేలా పట్టుకుని, ఆ అంచు వెంబడి గీత గీయండి. దాని మీదే హాక్సా బ్లేడుతో నెమ్మదిగా తిప్పుతూ కోయండి. లెన్స్‌ని జిగురుతో అంటించకండి. అదే పైపు నుంచి సెంటీమీటరు వెడల్పు రింగులు రెండు కోసి, ఒక్కో రింగులో చిన్న ముక్క తీసేసి, నొక్కి లోపలికి తోయండి. వదలగానే అవి విచ్చుకుని పైపుకి పట్టుకుంటాయి. లెన్స్‌కి ముందొకటి, వెనకొకటి. మరీ బిగించకూడదు, ఊపితే చిన్న చప్పుడు వచ్చేంత వదులు మంచిది.

జంటలో ఏ గాజు ముందో ఏది వెనకో పెట్టెలో రాసి ఉంటుంది. తుడవడానికని విడదీయకండి.

80 ఎం.ఎం.

దీని గురించి ఎక్కువ చెప్పను. మొదటి టెలిస్కోప్‌గా చేయొద్దు. లెన్స్ ఖరీదు, బరువు, స్టాండు ఖర్చు అన్నీ ఒకేసారి పెరుగుతాయి. 50 ఎం.ఎం.తో ఒక చలికాలమంతా చూసి, ఇంకా ఆకలి తీరనివాళ్ళు చేసుకోండి. కనిగిరి, ఉదయగిరి వైపు చీకటి ఆకాశం ఉన్నవాళ్ళకి దీని విలువ పూర్తిగా దక్కుతుంది.

రెడీమేడ్, బైనాక్యులర్

చేసుకోవడంలో ఇష్టం లేనివాళ్ళు, చూడాలన్న కోరిక మాత్రమే ఉన్నవాళ్ళు 70 ఎం.ఎం. రెడీమేడ్ కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. పెట్టె మీద "500 రెట్లు" అని రాసి ఉంటే అది వదిలేయండి. లెన్స్ వెడల్పు ఎన్ని ఎం.ఎం. ఉంటే దానికి రెండింతల రెట్లకి మించి పనికిరాదు, 70కి 140. కొనేముందు గొట్టం చివర వేలితో తట్టండి. వణుకు రెండు మూడు సెకన్లలో ఆగకపోతే ఆ స్టాండుతో గ్రహాలు చూడలేరు.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉండి సముద్రం మీద పడవలు కూడా చూడాలనుకునేవాళ్ళు టెలిస్కోప్ జోలికి రాకండి. మనం చేసే గొట్టంలో అన్నీ తలకిందులుగా కనపడతాయి. ఆకాశంలో దానికేం ఇబ్బంది లేదు, పడవకి ఉంది. 10x50 బైనాక్యులర్ తీసుకోండి. అందులో గురుడి చందమామలు కూడా కనపడతాయి, మోచేతులు పిట్టగోడకి ఆనించి చూస్తే.

ఐపీస్

ముందు లెన్స్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టరు. చవకగా కావాలంటే వాచీ రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే 10 రెట్ల లూప్ 25 ఎం.ఎం. ఐపీస్‌లాగే పనిచేస్తుంది. అంచుల్లో మసకగా ఉంటుంది, మధ్యలో బాగుంటుంది. బడిలో చేసేవాళ్ళకి ల్యాబులో మైక్రోస్కోపు ఉంటే దాని 10 రెట్ల ఐపీస్ కూడా అంతే ఫోకస్, లూప్ కంటే చాలా మెరుగు. గొట్టం సన్నం కాబట్టి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి మందం పెంచాలి.

కొనేటట్టయితే 31.7 ఎం.ఎం. సైజు "ప్లోసల్" రకం ఒక్కటి కొనండి. రేపు ఏ టెలిస్కోప్‌కి మారినా అది పనికొస్తుంది. 50 ఎం.ఎం. జంట లెన్స్ వాళ్ళు 25, 10 రెండూ కొనుక్కోవాలి. డబ్బు తక్కువైతే ముందు 25.

నడినెత్తి బాధ ఉందని చెప్పాను కదా, దానికి మందు 90 డిగ్రీల డయాగనల్, అంటే ఐపీస్‌కి ముందు పెట్టి వెలుగుని పక్కకి తిప్పే అద్దం. మెడ విరగకుండా పక్కనుంచి కిందకి చూస్తాం. అది ఏడెనిమిది సెంటీమీటర్ల దారి తనే తీసుకుంటుంది, కాబట్టి గొట్టం అంత పొట్టిగా కోయాలి. ముందే కోసేసి తర్వాత డయాగనల్ కొంటే ఫోకస్ అందదు.

గొట్టం: పీవీసీనా, అట్టా?

ఫ్లెక్సీ బ్యానర్లు ప్రింటు చేసేచోట ఖాళీ రోల్ గొట్టాలు దొరుకుతాయి. మందమైన అట్ట, నిటారుగా ఉంటుంది, తేలిక, తరచూ ఊరికే ఇస్తారు. కనిగిరి, పొదిలి వాళ్ళకి ఇదే బాగుంటుంది. బయట రెండు పూతలు ఎనామిల్ పెయింట్ వేస్తే ఏళ్ళు నిలుస్తుంది. తీరంలో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు చూసే నెల్లూరు వాళ్ళకి పీవీసీ మేలు. 75 ఎం.ఎం. పైపులో 70 ఎం.ఎం. లెన్స్ దాదాపు సరిపోతుంది, కానీ పైపు మందం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లెన్స్ జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళండి.

పీవీసీకి రెండు దోషాలు. ఎండలో వంగుతుంది. రోహిణి కార్తెలో మిద్దె మీద ఒక్క మధ్యాహ్నం వదిలేసినా చాలు. రెండోది, లోపల నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు చందమామ వెలుగుని బొమ్మ మీదకి చల్లుతుంది. బడి బల్లలకి వేసే బ్లాక్‌బోర్డ్ పెయింట్ లోపలంతా పూయండి. తడి ఆరకముందే కాస్త సన్న ఇసుక చల్లి దులిపితే ఇంకా మంచిది. అది బాగా ఆరి, రాలే ఇసుకంతా రాలిపోయాకే లెన్స్ ఎక్కించండి.

ఫోకస్ కోసం 40 ఎం.ఎం. పైపు ముక్కని వెనకవైపు జారేలా పెట్టి, సందులో వెల్వెట్ గుడ్డ పట్టీలు అంటించండి. గుడ్డ రెండువైపులా బిగువుగా ఉంటే వేలితో తోసినప్పుడు కదులుతుంది, వదిలితే ఆగుతుంది.

స్టాండు

ఖర్చులో సగం ఇక్కడ పెట్టినా నష్టం లేదు. సెల్‌ఫోన్ ట్రైపాడ్లు ఏవీ పనికిరావు. 50 ఎం.ఎం. గొట్టానికి ఫొటో స్టూడియోల్లో వాడే బరువైన ట్రైపాడ్ సరిపోతుంది.

మీటరు గొట్టానికి మేం వాడేది సరుగుడు కర్ర. తీరం వెంబడి సరుగుడు తోటలున్న మనకి అది దొరకని సరుకు కాదు. నాలుగున్నర అడుగుల ముక్క తీసుకుని, పాత పెయింటు డబ్బాలో నిలబెట్టి కాంక్రీటు పోశాం. పైన వడ్రంగి మేస్త్రీ ప్లైవుడ్‌తో పంగలాంటిది చేసిచ్చాడు, రెండు బోల్టుల మీద గొట్టం పైకీ కిందకీ వాలుతుంది, పంగ మొత్తం కర్ర మీద పక్కలకి తిరుగుతుంది. వాలే చోట, తిరిగే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే కదలిక బిగువుగా, కుదుపు లేకుండా ఉంటుంది. బరువు ఎక్కువే, ఇద్దరు మోయాలి. కానీ పిల్లాడి ముక్కు ఐపీస్‌కి తగిలినా చందమామ కదలదు.

ధ్రువనక్షత్రం వైపు వాలి ఆకాశంతో పాటు తిరిగే ఈక్వటోరియల్ స్టాండు కొనమని కొందరు చెబుతారు. నెల్లూరులో ధ్రువనక్షత్రం దిగంతానికి 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చాలా ఇళ్ళకి పక్కింటి నీళ్ళ ట్యాంకు చాటున. కొన్ని స్టాండ్లు అంత కిందకి వాలవు కూడా. పైకీ కిందకీ, పక్కకీ తిరిగే మామూలు స్టాండే మనకి సులువు.

ఎవరికి ఏది

బడిలో పిల్లలతో చేయించే టీచరుకి +1.00 కళ్ళజోడు లెన్స్, మీటరు గొట్టం. ఒక్క గొట్టం ఖర్చుతో పిల్లలు శనగగింజంత చందమామ నుంచి గురుడి దాకా అన్నీ చేత్తో చేసి తెలుసుకుంటారు. పగిలినా మళ్ళీ కొనొచ్చు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు, మిద్దె ఉంది, పట్టణం వెలుగులో ఉన్నారు అంటే 50 ఎం.ఎం. జంట లెన్స్. ఇందులో నాకు అనుమానమే లేదు.

సముద్రం పక్కన ఉన్నవాళ్ళు అదే చేసుకోండి, కానీ చూడ్డం అవగానే లెన్స్‌కి పట్టిన మంచు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, మూత బిగించి, సిలికా జెల్ పొట్లంతో స్టీలు డబ్బాలో పెట్టండి. తడితోనే మూత పెడితే ఒక్క వానాకాలంలో బూజు పడుతుంది.

పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డయాగనల్ లేకుండా ఏదీ మొదలుపెట్టకండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏది ఎంచుకున్నా పగలు మాత్రం గొట్టాన్ని మూతలు పెట్టి, ఐపీస్ తీసి, బీరువాలో పెట్టి తాళం వేయండి. ఈ గొట్టంలోంచి సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది, నొప్పి కూడా తెలియకుండా. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన అద్దాలు అడ్డం పెట్టినా రక్షణ లేదు.

వానలున్న నెలల్లో పని మొదలుపెట్టి సంక్రాంతి నాటికి పూర్తిచేసుకుంటే సరిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా మన ఆకాశం ఏడాదిలోకెల్లా బాగుంటుంది. మొదటి రాత్రికి పౌర్ణమి ఎంచుకోకండి, చందమామ మీద ఎండ నిలువుగా పడి గుంతలకి నీడే ఉండదు, ఉత్త తెల్ల పళ్ళెంలా కనపడుతుంది. శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో సాయంత్రం ఏడింటికి చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన కొండ శిఖరాలు ముందు వెలుగుతాయి, వాటి కింద లోయలు ఇంకా చీకట్లోనే ఉంటాయి. గంటసేపు అక్కడే ఉంటే ఆ చీకట్లోంచి ఇంకో శిఖరం వెలుగులోకి రావడం మీ కళ్ళతోనే చూస్తారు.